కళ్ళ ముందున్న మెసేజ్ కనపడట్లేదు, దాని వెనకున్న మీటరు కనపడుతోంది: ధ్యాసకి లోతు ఉంటుందా?

వీఆర్_పనివాడు · సోమవారం, రాత్రి 9:40

వీఆర్ (వర్చువల్ రియాలిటీ) హెడ్‌సెట్‌లో ఒక ట్రైనింగ్ సిమ్యులేటర్ చేస్తున్నాం. మనిషికి ఎదురుగా రెండు మీటర్ల దూరంలో కంట్రోల్ ప్యానెల్ ఉంటుంది. దాని నిండా మీటర్లు, బల్బులు, స్విచ్‌లు. ఎక్కడైనా తేడా వస్తే ఒక హెచ్చరిక మెసేజ్ గాల్లో తేలుతూ రావాలి. దాన్ని మనిషికి దగ్గరగా, 70 సెంటీమీటర్ల దూరంలో పెట్టాం. దగ్గరగా ఉన్నదే ముందు కంట్లో పడుతుంది కదా అని మా ఆలోచన.

పడట్లేదు. చాలామంది దాన్ని గమనించడమే లేదు. ఐ ట్రాకింగ్ రికార్డు తీసి చూస్తే చూపు సరిగ్గా మెసేజ్ మీదుగానే వెనక మీటరు మీదికి పోతోంది. ఇదే సీన్‌ని మామూలు మానిటర్ మీద నడిపితే, అదే చోట ఉన్న మెసేజ్‌ని అందరూ చదువుతున్నారు.

ధ్యాసని టార్చిలైటుతో పోల్చడం చాలాచోట్ల చదివాను. ఆ లెక్కన వెలుగు ఒక దిక్కుకి పడితే, ఆ దిక్కులో ఉన్నవన్నీ దగ్గరవైనా దూరానివైనా వెలగాలి. మరి ఇక్కడేంటి ఇలా? ధ్యాస ఏదో ఒక దూరం దగ్గర ఆగిపోతుందా? దీని గురించి తెలిసినవాళ్ళు ఎవరైనా చెప్తారా?

---

అనుమానంరావు · సోమవారం, రాత్రి 10:05

ఇందులో ధ్యాస ఎక్కడుందండీ? కళ్ళు రెండు మీటర్ల దగ్గర ఫోకస్ అయి ఉన్నప్పుడు 70 సెంటీమీటర్ల దగ్గరున్నది మసగ్గా కనిపిస్తుంది. కెమెరా వాడేవాళ్ళందరికీ తెలిసిన సంగతే. దీనికి సైకాలజీ దాకా పోనక్కర్లేదు.

---

కంటిలెక్క · సోమవారం, రాత్రి 11:22

రావుగారూ, నిజమైన గదిలో అయితే మీరన్నది ఒప్పుకుంటాను. హెడ్‌సెట్‌లో కుదరదు. అందులో ఒక్కో కంటికి తెర ఒక్కటే, దాని ముందు లెన్సు ఒక్కటే. బొమ్మలో వస్తువు ఎంత దూరంలో ఉన్నట్టు కనిపించినా, కంటి కటకం ఫోకస్ అవ్వాల్సిన దూరం మారదు. కాబట్టి మసక రాదు. మారేది రెండు కళ్ళూ లోపలికి తిరిగే కోణం. (ఫోకస్ ఒక దూరానికి, కోణం ఇంకో దూరానికి ఉండటం వల్లే చాలామందికి వీఆర్‌లో కాసేపటికి కళ్ళు లాగేస్తాయి. అది వేరే కథ.)

నేను ఆప్టోమెట్రీ (కంటిచూపు పరీక్షల) మనిషిని, లెక్క వేసి చెప్తాను. కళ్ళ మధ్య దూరం 6.3 సెంటీమీటర్లు అనుకుందాం. రెండు మీటర్ల దగ్గరున్న మీటరుని చూస్తున్నప్పుడు రెండు చూపుల మధ్య కోణం 1.8 డిగ్రీలు. 70 సెంటీమీటర్ల దగ్గరున్న మెసేజ్‌ని చూడాలంటే ఆ కోణం 5 డిగ్రీలు దాటాలి. అంటే మీటరుని చూస్తున్నంతసేపూ మెసేజ్‌కి మూడు డిగ్రీలకి పైగా డిస్పారిటీ, అంటే రెండు కళ్ళకి కనిపించే బొమ్మల చోటుల్లో తేడా, ఉంటుంది. రెండు కళ్ళ బొమ్మల్ని మెదడు ఒక్కటిగా కలపగలిగే హద్దుని ప్యానమ్ ప్రాంతం అంటాం. చూపు మధ్యభాగంలో అది డిగ్రీలో చిన్న ముక్క మాత్రమే. మీ మెసేజ్ ఆ హద్దు దాటి ఎక్కడికో పోయింది. వాళ్ళకి అది రెండుగా చీలి, మీటరుకి అటొకటి ఇటొకటి దెయ్యంలా వేలాడుతూ ఉంటుంది. అలాంటి జంట బొమ్మల్ని పట్టించుకోకుండా వదిలేయడం మెదడుకి బాగా అలవాటు. ఇప్పుడు ఈ పోస్టు చదువుతూ ముక్కు ముందు వేలు పెట్టుకుని చూడండి, రెండు వేళ్ళు కనిపిస్తాయి. రోజంతా ఇలాంటివి ఎన్నో ఉంటాయి, ఒక్కటీ గమనించం.

మానిటర్ మీద అంతా ఒకే తెర మీద ఉంటుంది కాబట్టి ఈ గొడవే లేదు.

ముందు మెసేజ్‌ని 1.8 మీటర్ల దగ్గరికి జరపండి. డిస్పారిటీ 12 ఆర్క్ మినిట్లకి, అంటే డిగ్రీలో ఐదో వంతుకి దిగుతుంది. అప్పటికీ మిస్ అవుతుంటే ధ్యాస గురించి మాట్లాడుకుందాం.

---

అనుమానంరావు · సోమవారం, రాత్రి 11:31

చూశారా, కళ్ళ సమస్యే. థ్రెడ్ మూసేయొచ్చు.

---

వీఆర్_పనివాడు · బుధవారం, సాయంత్రం 6:15

థ్రెడ్ మూయకండి. కంటిలెక్క గారూ, చాలా థ్యాంక్స్. జరిపాం, రెండుగా కనపడటం పోయింది. ప్యానెల్ ప్రశాంతంగా ఉన్నప్పుడు మెసేజ్ రాగానే అందరూ చూస్తున్నారు.

కానీ ప్యానెల్ మీద పది బల్బులు ఒకేసారి మిణుకుమంటూ, అందులో ఒకదాన్ని వెతికే పని మీద ఉన్నప్పుడు మాత్రం ఇంకా మిస్ అవుతున్నారు. మెసేజ్ అదే, చోటు అదే, దూరం అదే. ప్యానెల్ రద్దీగా ఉంటే ముందున్న మెసేజ్‌కి ఏమవుతోంది?

---

పాతల్యాబ్ · బుధవారం, రాత్రి 10:50

ఇప్పుడు అసలు ప్రశ్నకి వచ్చారు. కొన్నేళ్ళు దృష్టి పరిశోధన ల్యాబ్‌లో పనిచేశాను, అందుకే కొంచెం పొడుగ్గా రాస్తున్నాను, భరించండి.

టార్చిలైటు పోలిక బాగా పాతుకుపోవడానికి మైకేల్ పోస్నర్ 1980 ప్రాంతంలో చేసిన ప్రయోగాలు ఒక పెద్ద కారణం. చూపు తెర మధ్యలోనే నిలిపి ఉంచాలి. లక్ష్యం ఏ వైపు రావచ్చో ముందే ఒక సూచన ఇస్తారు. అది చెప్పిన వైపే లక్ష్యం వస్తే జవాబు త్వరగా వస్తుంది, వేరే వైపు వస్తే ఆలస్యమవుతుంది. అంటే కన్ను కదలకుండానే ధ్యాస కదిలింది. కానీ ఇదంతా చదును తెర మీద, కుడి ఎడమల మధ్య జరిగిన పని.

దీన్ని లోతులోకి, అంటే దగ్గర-దూరం దిశలోకి, తీసుకెళ్ళినవాళ్ళలో డౌనింగ్, పింకర్ ముందువరసలో ఉంటారు. 1985లో దగ్గర కొన్ని, దూరంగా కొన్ని దీపాలు అమర్చి చూశారు. సూచన ఒక లోతుకి ఇచ్చి లక్ష్యాన్ని ఇంకో లోతులో వెలిగిస్తే జవాబు నెమ్మదించింది. అంటే ధ్యాసకి లోతు తెలుసు. ఇంతవరకు బాగానే ఉంది.

1996లో ఘిరార్డెల్లీ, ఫోక్ ఇదే పనిని స్టీరియో తెర (రెండు కళ్ళకీ వేర్వేరు బొమ్మలు చూపి లోతు పుట్టించేది) మీద చేశారు. సూచన తప్పు లోతుకి ఇచ్చినా నష్టమేమీ కనపడలేదు. వాళ్ళ తీర్మానం: టార్చిలైటుకి లోతు తెలియదు. మరుసటి ఏడాదే ఆచ్లీ, క్రేమర్, ఆండర్సన్, తేవ్స్ కలిసి దాదాపు అదే శీర్షిక పెట్టి, ఒక్క ముక్క మార్చి, లోతు తెలుసు అని పేపర్ వేశారు. ల్యాబ్‌లో మేం ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి చదివించేవాళ్ళం, కొత్తవాళ్ళ ముఖాలు చూడటానికి.

తేడా ఎక్కడొచ్చిందంటే, రెండోవాళ్ళు సీన్‌లో దృష్టి మళ్ళించే ఇతర వస్తువుల్ని కూడా పెట్టారు. పని తేలికైతే, చుట్టూ పోటీ లేకపోతే ధ్యాస ఆ దిక్కులో ఉన్న లోతులన్నిటినీ పట్టుకుని కూర్చుంటుంది. దాన్ని కుదించుకోవాల్సిన అవసరమే లేదు. పోటీ పెరిగినప్పుడు పనికొచ్చే లోతుకి కుదించుకుంటుంది, మిగతా లోతుల్ని బయట పెడుతుంది.

మీ ప్యానెల్ దగ్గర జరుగుతున్నదీ ఇదేనని నా అభిప్రాయం. ప్రశాంతంగా ఉన్నప్పుడు మెసేజ్‌కీ చోటుంది. బల్బులు మిణుకుమన్నప్పుడు వాళ్ళు ప్యానెల్ ఉన్న లోతుకి బిగుసుకుపోతున్నారు. 20 సెంటీమీటర్లు ముందున్న మెసేజ్ బయట పడిపోతోంది.

---

అనుమానంరావు · గురువారం, ఉదయం 7:12

రద్దీ ఉంటే మిస్ అవుతారు, అంతే కదా. మెసేజ్‌ని ప్యానెల్ లోతులోనే పెట్టినా మిస్ అవుతారేమో! లోతు వల్లే అని ఎలా తేల్చారు?

---

పాతల్యాబ్ · గురువారం, ఉదయం 9:30

మంచి ప్రశ్న. ఈయన ప్యానెల్ విషయంలో తేల్చలేదు, ఆ పోలిక చేసి చూడాల్సిందే. ల్యాబ్‌లో మాత్రం తేల్చారు. మధ్యలో ఒక అక్షరం, దాని పక్కన గందరగోళం చేసే వేరే అక్షరాలు పెట్టే పాత ప్రయోగం ఉంది. పక్క అక్షరాల్ని ముందుకో వెనక్కో జరిపితే అవి చేసే గందరగోళం తగ్గుతుందని ఆండర్సన్, క్రేమర్ 1993లో చూపించారు. రద్దీ అంతే ఉంది, లోతు ఒక్కటే మారింది.

ఇంకా బలమైనది నకయామా, సిల్వర్‌మన్ 1986లో చేసిన వెతుకులాట ప్రయోగం. మామూలుగా రెండు గుణాలు కలిసిన వస్తువుని, ఉదాహరణకి ఎరుపూ నిలువూ రెండూ అయిన గీతని వెతకాలంటే, వస్తువులు పెరిగేకొద్దీ టైమూ పెరుగుతుంది. ట్రీస్‌మన్, గెలాడ్ 1980లో చెప్పిన సంగతి అది. అయితే ఆ రెండు గుణాల్లో ఒకటి లోతు అయితే టైము పెరగడం దాదాపు ఆగిపోతుంది. వెతికే మనిషి ఒక లోతులో ఉన్నవాటిని మొత్తంగా పక్కకి పెట్టేసి, రెండో లోతులో మాత్రమే చూడగలుగుతున్నాడు.

అంటే లోతు తేడా పనికొచ్చేదాన్ని వేరు చేయడానికి సాయం చేస్తుంది. మీ మెసేజ్ ఆ సాయానికే బలైపోతోంది.

---

ఒంటికన్ను · గురువారం, మధ్యాహ్నం 1:48

చిన్నప్పటి నుంచి నాకు ఒక కన్ను సరిగా పనిచేయదు, ఆంబ్లియోపియా. త్రీడీ కళ్ళద్దాలు పెట్టుకున్నా నాకేమీ తేడా తెలీదు. మీరు చెప్పేదంతా రెండు కళ్ళవాళ్ళ సంగతే. నా ధ్యాసకి లోతు లేనట్టేనా? బండి నడుపుతాను, బంతి పట్టుకుంటాను, ఇప్పటిదాకా ఎవరినీ గుద్దలేదు.

---

కంటిలెక్క · గురువారం, మధ్యాహ్నం 3:05

ఒంటికన్ను గారూ, ఎందుకుండదు? డిస్పారిటీ లోతు తెలిసే దారుల్లో ఒకటి, అంతే. ఒకదాన్ని ఇంకోటి కప్పేయడం, తల కదిపితే దగ్గరవి ఎక్కువ జరగడం, నీడలు, దూరం పోయేకొద్దీ చిన్నవవడం, ఇవన్నీ ఒక కంటితోనే దొరుకుతాయి. ఎన్స్, రెన్సింక్ 1990లో చూపించింది కూడా ఇలాంటిదే. చదును బొమ్మలో నీడలు దిద్ది ఘనాల్లా కనిపించేలా చేస్తే, వేరే వైపు నుంచి వెలుగు పడ్డ ఘనాన్ని జనం చిటికెలో పట్టేస్తారు. అంతే క్లిష్టంగా ఉన్నా ఘనంలా కనపడని బొమ్మల్లో వెతకమంటే నెమ్మదిస్తారు. అక్కడ డిస్పారిటీ ఊసే లేదు.

ఇంకో సంగతి. రెండు కళ్ళున్నవాళ్ళకి కూడా డిస్పారిటీ దగ్గరి వస్తువుల వరకే చుట్టం. దూరం పెరిగేకొద్దీ అది దూరం వర్గానికి విలోమంగా పడిపోతుంది. రెండు మీటర్ల దగ్గర 20 సెంటీమీటర్ల తేడాకి 12 ఆర్క్ మినిట్లు వచ్చాయి కదా. అదే 20 సెంటీమీటర్ల తేడా 20 మీటర్ల దూరంలో ఉంటే ఏడు ఆర్క్ సెకన్లు (ఆర్క్ సెకను అంటే ఆర్క్ మినిట్‌లో అరవయ్యో వంతు) కూడా రాదు. వంద రెట్లకి పైగా తగ్గిపోయింది. క్లినిక్‌లో 40 ఆర్క్ సెకన్లు పట్టగలిగితే బాగుందని రాస్తాం. అంటే బండి మీద దూరంగా చూసేటప్పుడు మీకూ నాకూ పెద్ద తేడా లేదు.

---

ఒంటికన్ను · గురువారం, మధ్యాహ్నం 3:20

ఈ చివరి వాక్యం మా ఇంట్లోవాళ్ళకి చూపిస్తాను 😄

---

సిమ్_పైలట్ · గురువారం, రాత్రి 8:44

ఫ్లైట్ సిమ్యులేటర్ పిచ్చి ఉన్నవాడిగా ఒక మాట. అసలు లోతు తేడానే కారణమైతే విమానాల హెడ్-అప్ డిస్‌ప్లే(హెచ్‌యూడీ)లో ఈ సమస్య రాకూడదు. పైలట్ ముందున్న గాజు మీద అంకెలు పడతాయి, కానీ ఆప్టిక్స్ వాటిని అనంత దూరంలో ఉన్నట్టు చూపిస్తాయి. రన్‌వే కూడా కంటి లెక్కలో అనంత దూరమే. ఫోకస్ మార్చక్కర్లేదు, కళ్ళ కోణం మార్చక్కర్లేదు.

అయినా మిస్ అయ్యారు! 1980లో నాసా చేసిన సిమ్యులేటర్ ప్రయోగంలో, హెచ్‌యూడీతో దిగుతున్న పైలట్లలో కొందరు రన్‌వే మీద అడ్డంగా ఉన్న విమానాన్ని గమనించనే లేదు. అంకెల్లో మునిగిపోయారు. మరి ఇక్కడ లోతు ఎక్కడుంది?

---

అనుమానంరావు · గురువారం, రాత్రి 9:02

అదీ! నేను అడగాలనుకున్నది ఈయన అడిగారు. లోతు తేడా లేకపోయినా మిస్ అవుతుంటే లోతుకి పనేముంది?

---

పాతల్యాబ్ · శుక్రవారం, ఉదయం 6:35

నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం ఇదే. రాత్రే చూసి ఉంటే నిద్ర పట్టేది కాదు.

పైలట్ గారు చెప్పిందానికి ఇంకో ఉదాహరణ కలుపుతాను. 1975లో నైసర్, బెక్లెన్ రెండు వీడియోలని ఒకదాని మీద ఒకటి వేసి చూపించారు. ఒకదాంట్లో చేతులు చరుచుకునే ఆట, ఇంకోదాంట్లో బంతాట. రెండూ కంటికి ఒకే దూరంలో, ఒకే చోట. ఒక ఆటని గమనిస్తున్నవాళ్ళు రెండో ఆటలో వచ్చిన వింతల్ని పట్టుకోలేకపోయారు. చోటు ఒకటే, లోతు ఒకటే, అయినా ఒకటి లోపల, ఇంకోటి బయట.

కాబట్టి ధ్యాస పట్టుకునేది మీటర్లలో కొలిచే దూరాన్ని కాదు. సీన్‌ని మెదడు ముందే పొరలుగా, ఉపరితలాలుగా, వస్తువులుగా విడదీసి పెడుతుంది. ధ్యాస ఆ పొరల్లో ఒకదాని మీద ఎక్కి కూర్చుంటుంది. ఆ విడదీయడానికి మెదడు వాడే పనిముట్లలో లోతు చాలా పదునైనది. అదొక్కటే పనిముట్టు కాదు.

దీనికి నాకు తెలిసినంతలో అందమైన రుజువు హీ, నకయామా 1995లో చేసింది. ఏటవాలుగా వెనక్కి వెళ్ళే ఒక తలం ఊహించుకోండి. దాని మీద చిన్న చిన్న ముక్కలు, ఒక్కోటి ఒక్కో లోతులో. అవన్నీ ఆ తలానికి అంటుకుని ఉన్నట్టు కనిపిస్తే, లోతులు వేరైనా ధ్యాస ఆ తలమంతా హాయిగా పరుచుకుంటుంది. అదే ముక్కల్ని ఒక్కోదాన్ని కొంచెం వంచి, తలానికి అంటుకోనట్టు చేస్తే వెతకడం కష్టమవుతుంది. డిస్పారిటీ విలువలు దాదాపు అవే. ‘ఈ లోతుకి ధ్యాస పెట్టు’ అని గాల్లో ఒక పలక గీసి ఇస్తే మెదడు తీసుకోదు. ఉపరితలం కనపడితే తీసుకుంటుంది, పైగా దాని మీద తనంతట తానే పాకుతుంది.

రావుగారూ, లోతుకి పనేముందని అడిగారు. ఇదీ పని.

---

అనుమానంరావు · శుక్రవారం, ఉదయం 8:10

వంచిన ముక్కల ప్రయోగం బాగుంది. దానికి నా దగ్గర వెంటనే జవాబు లేదు. కానీ ధ్యాస ఒక్క పొర మీదే ఉంటుందన్నది నమ్మబుద్ధి కావట్లేదు. కదిలే చుక్కల్ని వెంబడించే ప్రయోగంలో మనిషి నాలుగు చుక్కల దాకా పట్టుకోగలడంటారు. వాటిని రెండు లోతుల్లో పంచితే చతికిలపడాలి కదా, మీ లెక్క ప్రకారం?

---

పాతల్యాబ్ · శుక్రవారం, ఉదయం 8:52

పడరు, ఇంకా బాగా చేస్తారు. విశ్వనాథన్, మింగోలా 2002లో సరిగ్గా ఇదే చూశారు. చుక్కల్ని రెండు లోతుల్లోకి పంచితే వెంబడించడం మెరుగైంది. అందుకే ‘ఒకసారికి ఒక్క పొరే’ అని నేనూ అనను. పని అడిగితే రెండు పొరల్లో వస్తువుల్ని పట్టుకోవచ్చు. ఈ సిమ్యులేటర్‌లో పని ఆ మాట అడగట్లేదు. ప్యానెల్ మీద బల్బు వెతకమంది, గాల్లో ఏదైనా వస్తుందేమో చూడమనలేదు.

---

కంటిలెక్క · శుక్రవారం, ఉదయం 11:15

పొరలు, ఉపరితలాలు సరే. కానీ దగ్గర, దూరం అనే తేడానే మెదడు వేరుగా చూసుకుంటుందని చెప్పే కేసులు కూడా ఉన్నాయి. మెదడు కుడివైపు దెబ్బతిని పక్షవాతం వచ్చినవాళ్ళలో కొందరు ఎడమవైపు ప్రపంచాన్ని పట్టించుకోరు. ఒక గీత ఇచ్చి మధ్యలో గుర్తు పెట్టమంటే బాగా కుడికి పెడతారు. 1991లో హాలిగన్, మార్షల్ అలాంటి ఒక రోగి గురించి రాశారు. చేతికి అందేంత దగ్గర గీత ఉంటే కుడికి తప్పేవాడు, దూరంగా ఉన్న గీతలో తేడా దాదాపు ఉండేది కాదు.

2000లో బెర్తి, ఫ్రసినెట్టి అలాంటి ఇంకో రోగితో ఒక అడుగు ముందుకు వెళ్ళారు. దూరంగా ఉన్న గీతని లేజర్‌తో చూపిస్తే తప్పు లేదు. అదే గీతని పొడవాటి కర్రతో ముట్టుకోమంటే తప్పు తిరిగొచ్చింది! కర్ర చేతిలోకి రాగానే దూరం కాస్తా ‘అందే దూరం’ అయిపోయింది. మీటర్ టేపుతో కొలిస్తే ఏమీ మారలేదు.

---

సిమ్_పైలట్ · శుక్రవారం, మధ్యాహ్నం 12:40

కర్ర సంగతి చదివి ఒళ్ళు జలదరించింది. వీఆర్‌లో కంట్రోలర్ నుంచి లేజర్ కిరణం వస్తుంది కదా, దాన్ని కర్రలా గీస్తే ఏమవుతుందో!

---

మోడరేటర్ · శుక్రవారం, మధ్యాహ్నం 2:00

లేజర్-కర్ర చర్చకి వేరే థ్రెడ్ తెరిచాం, అటు వెళ్ళండి. ఇక్కడ మెసేజ్ సంగతి తేల్చండి, ప్రశ్న వేసినాయన ఇంకా ఎదురుచూస్తున్నారు.

---

వీఆర్_పనివాడు · శుక్రవారం, సాయంత్రం 7:25

ఎదురుచూడటం ఏం లేదండీ, ప్రతి పోస్టూ టీమ్ అంతా కూర్చుని చదువుతున్నాం. మాకు అర్థమైంది ఇది: మెసేజ్ ఎంత దూరంలో ఉందన్నదానికంటే, దేనికి అంటుకుని ఉందన్నది ముఖ్యం. కాబట్టి గాల్లో పెట్టడం మానేసి, ప్యానెల్ వాలు ఎంత ఉందో అంతే వాలుతో, ప్యానెల్ మీదే రాయాలి. కానీ మీటర్లని కప్పేస్తే ఇంకో తలనొప్పి. ఇంకోటి, మెసేజ్ వస్తున్నప్పుడు పెద్దదవుతూ మీదికి వచ్చేలా చేద్దామని మా డిజైనర్ పట్టు. చేయొచ్చా?

---

పాతల్యాబ్ · శుక్రవారం, రాత్రి 9:10

మీదికి వచ్చేవి ధ్యాసని లాగుతాయి, వెనక్కి వెళ్ళేవి అంతగా లాగవు అని ఫ్రాంకొనేరి, సైమన్స్ 2003లో చూపించారు. కాదు, కదలిక మొదలవ్వడమే లాగుతుంది, దిక్కుతో పని లేదు అని వాదించినవాళ్ళూ ఉన్నారు. మీ అవసరానికి ఎవరు గెలిచినా ఒకటే, మీదికి రావడంలో రెండూ ఉన్నాయి. ప్రాణం మీదికి వచ్చే హెచ్చరికకి మాత్రం వాడండి. ప్రతి చిన్నదానికీ వాడితే వారంలో జనం పట్టించుకోవడం మానేస్తారు.

---

సిమ్_పైలట్ · శుక్రవారం, రాత్రి 9:33

మీటర్లని కప్పే సమస్యకి విమానాలవాళ్ళు ఒక దారి కనిపెట్టారు. హెచ్‌యూడీలో అంకెల్ని విడిగా పెట్టకుండా, రన్‌వే అంచుల్ని నిజమైన రన్‌వే మీదే గీసి, దానితోపాటే కదిలేలా చేస్తారు. గుర్తూ రన్‌వే ఒకే వస్తువులా కలిసిపోతాయి, రెంటి మధ్యా ధ్యాస పంచుకోవడం తేలికవుతుంది. మీరూ మెసేజ్ పెట్టెని తీసేసి, తేడా ఉన్న మీటరు అంచునే రంగు పట్టీగా మార్చండి. రాతలు మీటరు కింద ఖాళీలో.

---

వీఆర్_పనివాడు · ఆదివారం, ఉదయం 10:05

పట్టీ పెట్టాం. రద్దీలో కూడా పట్టుకుంటున్నారు. అయితే రావుగారి ప్రశ్న ఇంకా తొలుస్తోంది. మెరుగైంది లోతు తేడా పోయినందుకా, లేక మీటరుతో కలిసిపోయినందుకా? రెండూ ఒకేసారి మార్చేశాం.

---

అనుమానంరావు · ఆదివారం, ఉదయం 10:40

నా పేరు నిలబెట్టారు. పాత గాలి మెసేజ్‌నే ఉంచి, రెండు కళ్ళకీ ఒకే బొమ్మ పంపించండి. డిస్పారిటీ పోతుంది, మెసేజ్ మాత్రం విడిగానే ఉంటుంది. అప్పుడు కూడా రద్దీలో మిస్ అయితే కారణం డిస్పారిటీ కాదు.

---

కంటిలెక్క · ఆదివారం, ఉదయం 11:02

తల కదలిక ట్రాకింగ్ కూడా ఆపాలి. లేకపోతే తల కొంచెం కదిపినా మెసేజ్ ప్యానెల్ మీద జరిగి లోతు బయటపెట్టేస్తుంది. తల కదిలినా బొమ్మ కదలకపోతే కొందరికి తల తిరుగుతుంది, కాబట్టి గడ్డం ఆనించే స్టాండు పెట్టి, ఒక్కో రౌండు చిన్నగా ఉంచండి.

---

ఒంటికన్ను · ఆదివారం, ఉదయం 11:20

ఒకే బొమ్మ వెర్షన్ తయారయ్యాక నాకూ ఒక బిల్డ్ పంపండి. మామూలు వెర్షన్‌లోనూ, దాంట్లోనూ నా ఫలితం ఒకేలా రావాలి. రాకపోతే మీ సెటప్‌లో లోతు ఇంకెక్కడి నుంచో కారుతున్నట్టు.

---

వీఆర్_పనివాడు · ఆదివారం, ఉదయం 11:34

తప్పకుండా. ఈ వారంలోనే పంపిస్తాను, మీ హెడ్‌సెట్ మోడల్ మెసేజ్ చేయండి.